214,74,83,647 – ఒక సంఖ్య పూర్వాపరాలు

రెండు వందల పద్నాలుగు కోట్ల డెబ్భై నాలుగు లక్షల ఎనభై మూడు వేల ఆరు వందల నలభై ఏడు. చూడడానికి ఇది ఏ ఆయవ్యయ పట్టికలోనో తారసపడే మొత్తంలా ఉంటుంది. కాని గణితశాస్త్రంలో దీనికి విశిష్ట స్థానం ఉంది. మన యంత్రాలకు ఇదొక సరిహద్దు.

ముప్ఫై ఒక్క రెండ్లను వరుసగా గుణించి, లబ్ధం నుండి ఒకటి తీసివేస్తే ఈ సంఖ్య వస్తుంది. ఫ్రెంచి క్రైస్తవ సన్యాసి మెర్సెన్ 1644లో దీనిని ప్రధాన సంఖ్యగా పేర్కొన్నారు. 1772లో ఆయిలర్ దానిని నిరూపించారు. అప్పటికి ఆయనకు చూపు దాదాపు పూర్తిగా పోయింది. మామూలు పద్ధతిలో అయితే 46,340 వరకు గల సుమారు 4,800 ప్రధాన సంఖ్యలతో భాగించి చూడాలి. దీనికి కారణాంకం అంటూ ఉంటే, దానిని 248తో భాగించినపుడు 1 గాని 63 గాని శేషం రావాలని ఆయన గ్రహించారు. దానితో పరీక్షించవలసినవి వందలోపునకు తగ్గిపోయాయి.

ఈ ప్రధాన సంఖ్య నుండి 19 అంకెల పరిపూర్ణ సంఖ్య ఒకటి పుడుతుంది. తనను మినహాయించి తక్కిన కారణాంకాల మొత్తం తనకే సమానమయ్యేది పరిపూర్ణ సంఖ్య; 6 అటువంటిదే (1+2+3). ఇవి వింతలే తప్ప ప్రయోజనం లేనివి కనుక, ఇంతకు మించినదానిని ఎవరూ వెతకబోరని 1811లో ఆంగ్ల గణితవేత్త పీటర్ బార్లో అభిప్రాయపడ్డారు. 1876లో లూకా 39 అంకెల ప్రధాన సంఖ్యను నిరూపించి అంతకన్న ఎంతో పెద్ద పరిపూర్ణ సంఖ్యకు దారి చూపారు.

ఇక ప్రయోజనం మాట. 32 బిట్ల కంప్యూటరు గడిలో ఒక బిట్ ధన, రుణ గుర్తుకు పోగా 31 మిగులుతాయి. వాటిలో పట్టే గరిష్ఠ సంఖ్య ఇదే. దీనికి ఒకటి కలిపితే గుర్తు మారి, లెక్క రుణ సంఖ్యలలోకి జారిపోతుంది. 2015లో బోయింగ్ 787 విమానాల విషయమై అమెరికా విమానయాన సంస్థ ఒక ఆదేశం జారీ చేసింది. 248 రోజులు నిరంతరంగా విద్యుత్తుపై ఉంచితే జనరేటరు నియంత్రణ యూనిట్లలోని లెక్కింపు పొంగిపోయి, అవి పనిచేయడం మానే ప్రమాదం ఉందని దాని సారాంశం. సెకనులో నూరవ వంతు చొప్పున లెక్కిస్తే ఈ సంఖ్యను చేరడానికి పట్టే కాలమూ అంతే!

అనేక యంత్రాలు 1970 జనవరి 1 నుండి గడచిన సెకన్లనే కాలంగా లెక్కిస్తాయి. ఆ లెక్క 2038 జనవరి 19న, మన కాలమానం ప్రకారం ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లకు ఈ సంఖ్యను చేరుతుంది. మరుసటి సెకనులో 32 బిట్ల గడియారం 1901వ సంవత్సరాన్ని చూపుతుంది. 64 బిట్లలో కాలాన్ని భద్రపరచే కంప్యూటర్లకు ఈ బెడద లేదు. మేము ఆలోచిస్తున్నది నియంత్రణ ప్యానెళ్లలో ఇరవై, ముప్ఫై ఏళ్లు నిశ్శబ్దంగా పనిచేసే చిన్న పరికరాల గురించి.

కనుక మన విభాగాలకు మా మనవి ఇది. పాత పరికరాల జాబితా ఇప్పుడే సిద్ధం చేసుకోవాలి. గడియారాన్ని 2038కి జరిపి పరీక్షించాలి. నడుస్తున్న యూనిట్‌పై కాదు, విడిగా ఉంచిన స్పేరుపై. కొత్త టెండర్లలో 64 బిట్ల కాలగణన నిబంధన చేర్చాలి. నేడు కొనే పరికరం ఆ ఉదయం కూడా విధులలోనే ఉంటుంది.