నలభైకి అయిదు కలిపితే నాలుగు వందల అయిదు

సత్తెనపల్లి రైతు గుంటూరు యార్డుకు మిర్చి తోలితే అక్కడ సరుకు లెక్క టిక్కీల్లో, అంటే బస్తాల్లో, ధర క్వింటాలుకు. ఈ లెక్కను ఒక వెబ్ పేజీలో పెట్టామనుకుందాం. పై గడిలో 40 టిక్కీలు, కింది గడిలో మరో 5. మొత్తం ఎంత అంటే పేజీ 405 అని చూపిస్తుంది. గడిలో ఏం కొట్టినా బ్రౌజర్ దాన్ని అక్షరాల వరుసగానే, అంటే స్ట్రింగ్‌గానే ప్రోగ్రాంకు అందిస్తుంది. జావాస్క్రిప్ట్‌లో రెండు స్ట్రింగుల మధ్య ప్లస్ గుర్తు పెడితే కూడిక జరగదు, రెండూ పక్కపక్కన అతుక్కుంటాయి. తమాషా ఏమిటంటే, అవే గడుల్లోని బరువునూ ధరనూ గుణిస్తే మాత్రం భాష తనంతట తానే వాటిని అంకెలుగా మార్చుకొని సరైన జవాబే ఇస్తుంది. అసలు చిక్కు అక్కడే. గుణకారాలన్నీ సరిగ్గా వస్తుంటే కూడిక తప్పిందని ఎవరికి అనుమానం వస్తుంది?

అడక్కుండానే మార్చుకునే ఈ ఉదారత జావాస్క్రిప్ట్‌కు పుట్టుకతో వచ్చింది. 1995లో నెట్‌స్కేప్ కంపెనీలో బ్రెండన్ ఐక్ జావాస్క్రిప్ట్ తొలి రూపాన్ని పది రోజుల్లో రాశాడు. పేజీలో చిన్న చిన్న పనులకు అది చాలు. తర్వాత బ్యాంకు లావాదేవీలూ, టికెట్ల బుకింగులూ దాని మీదికే వచ్చి పడ్డాయి. 2012 అక్టోబరులో మైక్రోసాఫ్ట్ విడుదల చేసిన టైప్‌స్క్రిప్ట్ అనే భాష ఈ బరువుకు జవాబు. ఏ పేరు కింద అంకె ఉండాలో, ఏ పేరు కింద అక్షరాలు ఉండాలో ముందే రాసిపెడతాం, ఆ రాతే టైపు. 'మొత్తం' అంకె అని రాశాక అందులో అతుకు పెట్టిన స్ట్రింగ్ వేయబోతే, ప్రోగ్రాం నడవకముందే ఆ వరుస కింద ఎర్రగీత పడుతుంది. స్ట్రింగులను గుణించినా ఒప్పుకోదు.

దీనివల్ల ఎంత లాభం? 2017లో ముగ్గురు పరిశోధకులు బహిరంగ జావాస్క్రిప్ట్ ప్రాజెక్టుల్లో అప్పటికే దిద్దిన 400 తప్పులను తీసుకొని, టైపులు రాసి ఉంటే ఎన్ని దొరికేవో చూశారు. సుమారు 15 శాతం అని తేలింది. మిగిలిన 85 శాతం సంగతేమిటని అడగడం న్యాయమే. తర్కంలో పొరపాటును టైపులు పట్టలేవు. కానీ ఆ 400 తప్పులూ రాసినవాళ్ల కళ్లు గప్పి బయటికి వచ్చేసినవి. వాటిలో ఏడింట ఒకటి నడపకుండానే దొరకడం చిన్న విషయమేమీ కాదు. ఇంకో అభ్యంతరం గట్టిది. 2023లో ప్రోగ్రామర్ డేవిడ్ హైన్‌మైయర్ హాన్సన్ తన టర్బో అనే వెబ్ లైబ్రరీ నుంచి టైప్‌స్క్రిప్ట్‌ను తీసేశాడు. టైపుల కోసం చేసే కసరత్తు పనికి అడ్డమన్నాడు. కోడు మొత్తం తెలిసిన కొద్దిమంది చేతిలో ఉన్నప్పుడు అది నిజం కావచ్చు. రాసినవాడు ఉద్యోగం మారి, మరొకరు దిద్దాల్సి వచ్చే మామూలు వెబ్‌సైటుకు ఆ వాదన అతకదు. 'ధర' క్వింటాలుకా కిలోకా, అంకెనా అక్షరమా అన్నది కొత్తవాడు ఎవరిని అడగాలి?

మొదలుపెట్టడానికి అంతా తిరగరాయనక్కర్లేదు. పాత ఫైలు మొదటి వరుసలో టీఎస్-చెక్ అనే వ్యాఖ్య పెడితే వీఎస్ కోడ్ ఎడిటర్ అప్పటికప్పుడు తనిఖీ మొదలుపెడుతుంది. ముందు డబ్బు, తూకం లెక్కించే ఫంక్షన్లకే టైపులు రాయండి. ఎర్రగీత పోవడానికి 'ఎనీ' అని రాసే అలవాటు మాత్రం వద్దు. అది తనిఖీ చేయొద్దని చెప్పడమే. టైపులు బ్రౌజర్‌దాకా రావు, ముందే చెరిగిపోతాయి. కాబట్టి సర్వర్ నుంచో గడి నుంచో వచ్చిన విలువను అంకెగా మార్చి, నిజంగా అంకేనా అని నడిచేటప్పుడూ చూసుకోవాలి. ఇంత చేసినా టిక్కీల సంఖ్యను నేరుగా క్వింటాలు ధరతో గుణిస్తే టైప్‌స్క్రిప్ట్ నోరెత్తదు, దాని లెక్కలో రెండూ అంకెలే. టిక్కీని ఒక టైపుగా, క్వింటాలును మరో టైపుగా విడదీసి, రెండోది అడిగే ఫంక్షన్‌కు మొదటిది ఇస్తే తప్పనేలా రాసుకోవచ్చు. ఆ విడదీత మనం రాయాల్సిందే, భాష దానంతట అది చేయదు.