ఒంటికన్ను జీపు

కళ్యాణదుర్గం వైపు నుంచి అనంతపురం వచ్చే దారిలో పొద్దుగూకాక ప్రయాణం చేసినవారికి అక్కడి చీకటి ఎలాంటిదో చెప్పనక్కరలేదు. దుమ్ము లేచిందంటే ఎదుటి బండి దీపాలు తప్ప మరేమీ ఆనదు. కొన్నేళ్ల క్రిందట ఒక రాత్రి ఆ దారినే మా పాత జీపులో పెళ్లి చూసుకొని వస్తున్నాము. వెనుక ఆడవాళ్లు, వాళ్ల ఒళ్లో నిద్రపోతున్న పిల్లలు. సగం దారిలో కుడి దీపం ఆరిపోయింది. ఇంకొకటి ఉంది గదా, మెల్లగా పోదామనుకొన్నాను. ఎదురుగా వస్తున్న లారీ డ్రైవరు మా ఎడమ దీపం ఒక్కటే చూసి, మోటారు సైకిలనుకొని దారి నడుమకు వచ్చేశాడు. ఆ దీపానికి కుడిపక్కన ఇంకా నాలుగడుగుల జీపు ఉందని అతనికెలా తెలుస్తుంది? చప్పున రోడ్డు దింపి కంపచెట్లలోకి పోనిచ్చాను కనుక బ్రతికాము. లారీ మా టాపు గుడ్డను చీల్చుకొని పోయింది.

మనం రోడ్డుకు ఎడమపక్క నడుస్తాము. అందుచేత ఎడమ దీపం కన్నా కుడిది ఆరితేనే ప్రమాదం ఎక్కువ. ఈ సంగతి నాకు ఆ రాత్రి గాని తట్టలేదు.

ఆ జీపు కొని అప్పటికి మూడు నెలలే. కొత్తగా వేసిన రంగు చూసి మురిసిపోయి కొన్నాము. మరునాడు మెకానిక్కు బల్బు మార్చాడు. రెండు రోజులు వెలిగి మళ్లీ ఆరింది. ఇంకొక బల్బు వేశాడు. అదీ అంతే. చివరకు బస్సు డిపోలో ఎలక్ట్రీషియన్‌గా చేసి రిటైరైన మా ఊరి పెద్దాయన ఒకరు వచ్చి, “అబ్బాయ్, బల్బుల ఖర్చు మానుకో. మూరెడు వైరు తీసుకురా” అన్నారు. ఆయన ఆ వైరు ఒక కొనను బ్యాటరీ నెగటివ్‌కు తగిలించి, రెండవ కొనను దీపం హోల్డరులోని ఎర్త్ పిన్నుకు ఆనించారు. దీపం భగ్గుమని వెలిగింది.

కరెంటు బల్బు దాకా వస్తే చాలదు, తిరిగి బ్యాటరీకి చేరాలి. జీపులో ఆ తిరుగు దారి ఇనుప బాడీయే. దాన్నే ఎర్త్ అంటారు. మా జీపుకు రంగు వేసినవాళ్లు ఎర్త్ వైరు బిగించే చోట కూడా రంగు పూసి, దాని మీదనే బోల్టు బిగించారు. రంగు గుండా కరెంటు పోదు. బోల్టు మరలు కాస్త తగిలినప్పుడు వెలుగుతుంది, గుంటలో పడి కుదిపితే ఆరుతుంది. అక్కడ ఉప్పుకాగితంతో ఇనుము మెరిసేదాకా రుద్ది, మళ్లీ బిగించి, పైన కాస్త గ్రీజు రాశాము. ఖర్చు దాదాపు ఏమీ లేదు.

ఎర్త్ చెడిందని విప్పకుండానే పసిగట్టే గుర్తు కూడా ఆయన చెప్పారు. డిమ్ వేసినప్పుడు ఒక దీపం మసకగా ఉండి, డాష్ మీది బ్రైట్ తాలూకు నీలం దీపం కూడా సన్నగా వెలుగుతుంటే అనుమానం ఎర్త్ మీదనే. తిరిగిపోవడానికి దారిలేని కరెంటు ఆ బల్బులోని రెండవ తీగ గుండా అడ్డదారి వెతుక్కుంటుందన్నమాట. రెండు దీపాలూ మసకబారి, ఇంజను రేసు చేస్తే పెరుగుతుంటే మాత్రం ముందుగా చూడవలసింది బ్యాటరీ టెర్మినళ్ల చిలుమును, చార్జింగును.

మసక వెలుగుతో సర్దుకుపోదామనుకోవద్దు. దీపం దగ్గర 12 వోల్టులకు బదులు 10.5 వోల్టులే అందితే వెలుగు మూడో వంతుకు పైగా తగ్గిపోతుంది. 60 వాట్ల బల్బులు రెండు వెలిగితే సుమారు 10 ఆంపియర్ల కరెంటు పారుతుంది. పాత జీపుల్లో అదంతా అరిగిన స్విచ్చు గుండా, ఎండకు పెళుసుబారిన వైరు గుండా పోవాలి. అర్ధగంట దీపాలు వేశాక స్విచ్చు చేతికి వేడిగా తగిలితే రిలే పెట్టించుకోవడం మంచిది. అప్పుడు స్విచ్చు మీద భారం పడదు.

మన జిల్లాలో మరొక పీడ ఎలుకలు. జీపులో వేరుశెనగ మూటలు వేస్తాము, రాలిన కాయలు ఊడ్వము. కాయల కోసం వచ్చిన ఎలుక వైరు తొడుగు కొరుకుతుంది, రాగి తీగ బాడీకి తగులుతుంది, ఫ్యూజు పోతుంది. ఫ్యూజు మాటిమాటికీ పోతోందని అక్కడ రాగి తీగ చుట్టేవాళ్లను చాలామందిని చూశాను. ఫ్యూజు కాలవలసిన చోట అప్పుడు వైరింగే కాలుతుంది. ఎన్ని ఆంపియర్లది ఉండేదో అదే వేసి, తెగిన చోటు వెతకాలి. వెతికేముందు బ్యాటరీ నెగటివ్ తీసివేయడం మరవవద్దు.

కొనబోయే పాత బండిని పగలు చూసి బేరం కుదుర్చుకుంటాము గదా, అదే మా పొరపాటు. పొద్దుగూకాక ఒకసారి గోడకెదురుగా నిలిపి, డిమ్మూ బ్రైటూ మార్చి, బానెట్ మీద చేత్తో తట్టి చూడండి. దీపం అదిరితే ఎక్కడో లూజున్నట్టే.

మా ఇంట్లో ఆమె ఇప్పటికీ రాత్రిపూట జీపెక్కేముందు దాని ముందుకు పోయి నిలబడుతుంది. రెండు దీపాలూ చూసి గాని ఎక్కదు.