సాలీ హెమింగ్స్ అమ్మమ్మ పేరేమిటి?

అమెరికా మూడో అధ్యక్షుడు థామస్ జెఫర్సన్‌కు బానిసగా బతికిన సాలీ హెమింగ్స్ వంశవృక్షం గీయడానికి కూర్చుంటే, తండ్రి వైపు కొమ్మ తొందరగానే దొరుకుతుంది. ఆమె 1773లో వర్జీనియాలో పుట్టింది. తండ్రి జాన్ వేల్స్ అనే తోటల యజమాని. ఆయన భార్యకు పుట్టిన కూతురు మార్తా 1772లో జెఫర్సన్‌ను పెళ్లాడింది. అంటే సాలీ జెఫర్సన్ భార్యకు సవతి చెల్లెలు. వేల్స్ చనిపోయాక భూములు, అప్పులతో పాటు సాలీ, ఆమె తల్లి ఎలిజబెత్, తోబుట్టువులు కూడా జెఫర్సన్ వాటాకే వచ్చారు.

చిక్కంతా తల్లి వైపే. సాలీ కొడుకు మాడిసన్ 1873లో ఒహాయోలోని ఒక పత్రికకు తన కథ చెప్పాడు. ఎలిజబెత్ తల్లి ఆఫ్రికా స్త్రీ అనీ, తండ్రి హెమింగ్స్ అనే ఇంగ్లిష్ ఓడ కెప్టెన్ అనీ, బిడ్డను కొనుక్కుంటానని అతను అడిగితే యజమాని ఒప్పుకోలేదనీ అందులో ఉంది. ఆ కెప్టెన్ ఇంటిపేరు నేటికీ నిలిచింది. ఆఫ్రికా నుంచి వచ్చిన ఆ అమ్మమ్మ పేరు మాత్రం మాడిసన్ చెప్పలేదు.

ఇక్కడే ఒక విడ్డూరం ఉంది. తల్లి బానిసైతే బిడ్డా బానిసే అని 1662లోనే వర్జీనియా చట్టం చేసింది. సాలీ అమ్మమ్మ, నానమ్మ, తాతలు నలుగురిలో ముగ్గురు తెల్లవాళ్లే. అయినా చట్టం చూసింది తల్లి వరసనే. సాలీని బానిసను చేసిన ఆ వరసలోనే మనకు రెండు తరాలకు మించి దారి దొరకదు. బానిసల పేర్లు ఎక్కింది ఆస్తి లెక్కల్లోకి, అదీ యజమానికి అవసరమైనంత మేరకే.

మరి డీఎన్‌ఏ? 1998 నాటి ప్రసిద్ధ పరీక్ష తండ్రి నుంచి కొడుక్కి వచ్చే వై క్రోమోజోమ్‌ను చూసింది. జెఫర్సన్‌కు భార్య వల్ల కలిగిన కొడుకులెవరూ బతకలేదు కాబట్టి ఆయన పెదనాన్న మగ సంతతితో పోల్చారు. సాలీ చిన్న కొడుకు ఎస్టన్ వంశీకుడితో అది సరిపోయింది. దాంతోపాటు కాగితాల ఆధారాలనూ చూసి, పిల్లల తండ్రి జెఫర్సనే అని ఎక్కువమంది చరిత్రకారులు ఒప్పుకున్నారు. మాడిసన్ మాటను ఏళ్ల తరబడి కొట్టిపారేసినవాళ్లకు ఇది పెద్ద దెబ్బే. కానీ వై క్రోమోజోమ్ అమ్మమ్మల గురించి ఏమీ చెప్పలేదు.

సాలీ 1835లో చనిపోయింది. ఆమె చిత్రపటం ఒక్కటీ లేదు. జెఫర్సన్ తన ఫార్మ్ బుక్‌లో ఆమె పిల్లల పుట్టుకలు రాసుకున్నాడు. తండ్రి పేరు రాయలేదు.