మారిన యంత్రాలు, మారిన ముప్పు

దేశంలోని బొగ్గు గనుల్లో ప్రాణనష్టం గణనీయంగా తగ్గిన మాట వాస్తవం. 1951-60 దశకంలో ప్రతి వెయ్యి మంది కార్మికులలో ఏటా సగటున 0.82 మంది మరణించగా, 2001-10 దశకం నాటికి ఆ రేటు 0.28కి దిగింది. యంత్రాల రాక ఇందుకు ఒక ముఖ్య కారణం. అయితే యంత్రం ప్రమాదాన్ని తొలగించలేదు. దాని స్వరూపాన్ని మార్చింది. దానితోపాటు కార్మికుని వయసుకు, అనుభవానికి ఉన్న విలువ కూడా మారిపోయింది.

భూగర్భ గనుల్లో పైకప్పు కూలడం చిరకాలంగా పెద్ద మృత్యుకారణం. కర్ర దుంగలు ఆసరాగా నిలిపిన రోజుల్లో, బరువు పెరిగితే దుంగ చిటచిటమని ముందే హెచ్చరించేది. కప్పును కడ్డీతో తట్టి, ధ్వనిని బట్టి దాని గట్టితనాన్ని పాత కార్మికులు పసిగట్టేవారు. ఏళ్ల తరబడి పనిచేస్తే తప్ప అబ్బని విద్య అది. ఇప్పుడు దుంగల స్థానంలో ఉక్కు బోల్టులు వచ్చాయి. బొగ్గు ఎత్తే ఎస్‌డీఎల్, ఎల్‌హెచ్‌డీ యంత్రాల రొదలో చిన్న చప్పుళ్లు వినిపించవు. పైగా ఆ రొదలోనే దీర్ఘకాలం గడిపిన వారికి వినికిడి మందగిస్తుంది.

ఉపరితల గనుల్లో పరిస్థితి వేరు. అక్కడ డంపర్ల వంటి భారీ వాహనాలే ప్రధాన ముప్పు. డ్రైవరు కంటికి ఆనని చోట్లు వాటి చుట్టూ ఎన్నో ఉంటాయి. చురుకైన చూపు, తక్షణ స్పందన ఇక్కడ అవసరం. వయసు మీరిన కొద్దీ తగ్గేవి సరిగ్గా ఇవే.

అలాగని యువకులు సురక్షితులు కారు. కొత్తవారు తరచుగా గాయపడతారు. పెద్దవయసువారికి తగిలిన గాయం తీవ్రమై, కోలుకోవడం ఆలస్యమవుతుంది. కాగా కొత్త యంత్రం ముందు యాభై ఏళ్ల కార్మికుడూ కొత్తవాడే.

సింగరేణిలో ఈ సమస్య స్పష్టంగా కనిపిస్తుంది. 1990ల ఆరంభంలో లక్షకు పైగా ఉన్న కార్మికుల సంఖ్య నేడు సుమారు 40 వేలకు తగ్గింది. 2021లో పదవీ విరమణ వయసును 61 ఏళ్లకు పెంచారు. మరోవైపు కారుణ్య నియామకాల ద్వారా యువకులు చేరుతున్నారు. తండ్రి ఉద్యోగం కొడుకుకు సంక్రమిస్తుంది గాని, తండ్రి అనుభవం సంక్రమించదు.

కాంట్రాక్టు పనులు విస్తరించిన చోట ఈ లోటు మరింత ఎక్కువ. మనుషులు తరచూ మారుతుండడంతో ఒకే గనిని ఎరిగిన అనుభవం పోగుపడదు. యంత్రాలున్నంత మాత్రాన రక్షణ ఉన్నట్టు కాదనడానికి జార్ఖండ్‌లోని లాల్‌మటియా ఉపరితల గనే సాక్ష్యం. కాంట్రాక్టు సంస్థ పనిచేస్తున్న ఆ గనిలో 2016 డిసెంబరు 29న మట్టిదిబ్బ జారి, యంత్రాలతో సహా కార్మికులు కూరుకుపోయారు. 23 మంది మరణించారు.

పనిలో చేరే ముందు శిక్షణను 1966 నాటి నిబంధనలే నిర్దేశించాయి. యంత్రం మారిన ప్రతిసారీ, వయసుతో నిమిత్తం లేకుండా, ఆ శిక్షణ మళ్లీ మొదలు కావాలి. చూపు, వినికిడి పరీక్షలు చేసే పనికి తగినట్లు ఉండాలి. అనుభవజ్ఞుల పక్కన కొత్తవారిని నిలపాలి. పాత తరం పూర్తిగా విరమించేలోగా ఈ ఏర్పాటు జరగకపోతే, వారి విద్య వారితోనే పోతుంది.