హయా వేరు, వ్యాధిని దాచుకోవడం వేరు

మన ఇళ్ళలో ఒకరికి జ్వరం వస్తే ఆ సంగతి సాయంత్రానికల్లా బంధువులందరికీ తెలుస్తుంది. అదే మలంలో రక్తం కనిపిస్తే భార్య భర్తకు చెప్పదు, తండ్రి కొడుకుకు చెప్పడు. 'వేడి చేసింది', 'మొలలే అయివుంటాయి' అని తమకు తామే సర్దిచెప్పుకొని నెలలు గడిపేస్తారు. పెద్దప్రేగు క్యాన్సర్ లోలోపల ముదిరిపోవడానికి ఈ మౌనమే ఎక్కువగా తోడ్పడుతున్నది.

2022 నాటి అంతర్జాతీయ అంచనాల ప్రకారం ప్రపంచంలో ఎక్కువగా వచ్చే క్యాన్సర్లలో పెద్దప్రేగు, పురీషనాళ క్యాన్సర్లది మూడవ స్థానం. క్యాన్సర్ మరణాలలో రెండవ స్థానం. ఆ ఒక్క ఏడాదిలోనే 19 లక్షలకు పైగా కొత్త రోగులు నమోదయ్యారు. పాశ్చాత్య దేశాలతో పోలిస్తే మన దేశంలో ఈ వ్యాధి తక్కువే. అయితే మన రోగులలో యాభై ఏళ్ళలోపువారు గణనీయంగా ఉన్నారు. చాలామంది వ్యాధి ముదిరిన తరువాతే వైద్యుని దగ్గరకు వస్తున్నారు.

నిజానికి ఇది ముందుగా పట్టుకోవడానికి ఎంతో వ్యవధినిచ్చే వ్యాధి. ప్రేగు లోపలి పొరపై 'పాలిప్' అనే చిన్న కండ మొలుస్తుంది. అటువంటివన్నీ క్యాన్సర్‌గా మారవు. మారేవాటికి సాధారణంగా పదేళ్ళ దాకా పడుతుంది. ఆలోపు దానిని తీసివేస్తే ఆ కండ నుంచి క్యాన్సర్ పుట్టే అవకాశమే ఉండదు. ఒకవేళ క్యాన్సర్ మొదలైనా, అది ప్రేగును దాటకముందే కనుగొంటే పదిమందిలో సుమారు తొమ్మిదిమంది అయిదేళ్ళకు మించి జీవిస్తున్నారని అమెరికా లెక్కలు చెబుతున్నాయి. దూరపు అవయవాలకు పాకిన తరువాత ఆ సంఖ్య ఇద్దరికి లోపే.

ఒక విషయం గమనించాలి. కేంద్ర ప్రభుత్వం 2016లో రూపొందించిన క్యాన్సర్ స్క్రీనింగ్ మార్గదర్శకాలలో నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లు మాత్రమే ఉన్నాయి. పెద్దప్రేగు పరీక్ష అందులో లేదు. కనుక ఈ వ్యాధి విషయంలో ఎవరో వచ్చి మన తలుపు తడతారని ఎదురుచూడడానికి వీలులేదు. అడగవలసింది, చెప్పవలసింది ఇంటివారే.

రేవు, ఉక్కు కర్మాగారం ఆధారంగా బ్రతికే విశాఖపట్నం వంటి నగరంలో నిర్లక్ష్యానికి సాకులు మరింత సులభంగా దొరుకుతాయి. రాత్రి షిఫ్టులు, వేళతప్పిన భోజనం, క్యాంటీన్ తిండి ఉన్నచోట విరేచనం వేళలు మారితే 'డ్యూటీ వల్లే' అనిపించడం సహజం. ఆపైన 'మొలలు, భగందరం నయం చేయబడును' అనే బోర్డులు ఏ ఊరి బస్టాండు దగ్గరైనా కనిపిస్తాయి. పరీక్ష చేయకుండా పూతమందు ఇచ్చే చోట విలువైన కాలం కరిగిపోతుంది. మొలలు ఉన్నంతమాత్రాన క్యాన్సర్ లేదని చెప్పలేము. రెండూ ఒకే మనిషిలో ఉండవచ్చు.

మలంలో రక్తం, కొన్ని వారాలుగా కొనసాగే మలబద్ధకం లేదా విరేచనాలు, విసర్జన తరువాత కూడా పూర్తి కాలేదన్న భావన, కారణం లేకుండా బరువు తగ్గడం, పెద్దవయసువారిలో అకస్మాత్తుగా రక్తహీనత - వీటిలో ఏ ఒక్కటి కనిపించినా వయసుతో నిమిత్తం లేకుండా వైద్యుని కలవాలి.

ఇక్కడే హయా ప్రస్తావన వస్తుంది. హయా విశ్వాసంలో భాగమే. కానీ అన్సారీ స్త్రీలు తమ శరీర ధర్మాలకు సంబంధించిన ప్రశ్నలను దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) వారినే అడిగి తెలుసుకున్నారు. ధర్మాన్ని గ్రహించడానికి సిగ్గు తమకు అడ్డు కానివ్వలేదని హజ్రత్ ఆయిషా (రజియల్లాహు అన్హా) వారిని మెచ్చుకున్నారు. చికిత్స చేయించుకోవాలా అని అడిగినవారికి, చేయించుకోమనే దైవప్రవక్త (స) బోధించారు. అవసరమైన మేరకు వైద్యుని ముందు శరీర భాగాన్ని చూపడానికి ధర్మవేత్తలు అనుమతినిచ్చారు. స్త్రీలు మహిళా డాక్టరును కోరవచ్చు. అది వీలుకాకపోతే నర్సు గానీ, ఇంటివారు గానీ దగ్గర ఉండేలా అడగవచ్చు.

లక్షణాలు లేనివారు ఎప్పుడు పరీక్ష చేయించుకోవాలి? అమెరికా నిపుణుల బృందం 2021లో ఈ వయసును యాభై నుంచి నలభై అయిదుకు తగ్గించింది. మన దేశంలో అటువంటి సార్వత్రిక పరీక్ష లేదు కాబట్టి మీ డాక్టరుతో చర్చించి నిర్ణయించుకోవాలి. తల్లిదండ్రులకు గానీ, తోబుట్టువులకు గానీ ఈ క్యాన్సర్ వచ్చి ఉంటే నలభై ఏళ్ళకు, లేదా వారికి వ్యాధి బయటపడిన వయసుకు పదేళ్ళు ముందు - వీటిలో ఏది ముందైతే అప్పుడు - పరీక్షలు మొదలుపెట్టాలి. మలంలో కంటికి కనిపించని రక్తాన్ని గుర్తించే పరీక్షను ఏటా చేయించుకోవడం ఒక మార్గం. అందులో రక్తం ఉన్నట్లు తేలితే కొలనోస్కోపీ తప్పదు.

సర్జన్‌ను కలిసినప్పుడు మొదట ప్రశ్నలుంటాయి: ఎన్నాళ్ళుగా, ఏ రంగు రక్తం, ఇంట్లో ఎవరికైనా ఉందా అని. ఎడమవైపుకు పడుకోబెట్టి, దుప్పటి కప్పి, తొడుగు వేసుకున్న వేలితో మలద్వారాన్ని పరీక్షిస్తారు. రెండు నిమిషాల పని. పురీషనాళంలోని కొన్ని గడ్డలు ఆ వేలికే తెలిసిపోతాయి. పాత రిపోర్టులు, వాడుతున్న మందుల చీటీ తీసుకువెళ్ళండి. రక్తం పలుచబరిచే మందులు, షుగరు మందులు, ఐరన్ మాత్రలు వాడుతుంటే తప్పక చెప్పండి.

కొలనోస్కోపీకి ముందురోజు తేలికపాటి ఆహారం తీసుకొని, ప్రేగు శుభ్రపడే మందునీళ్ళు తాగాలి. అసలు కష్టం అదే. పరీక్ష సాధారణంగా అరగంట లోపలిదే. మత్తు ఇస్తారు కాబట్టి నొప్పి అంతగా తెలియదు. ఆ రోజు బండి నడపరాదు, వెంట ఒకరు ఉండాలి. రక్తస్రావం, ప్రేగుకు రంధ్రం పడడం వంటి ప్రమాదాలు అరుదు. మందునీళ్ళు తాగితే రోజా నిలవదు. కనుక తొందర లేని పరీక్షను రమజాను తరువాతకు పెట్టుకోవచ్చు. డాక్టరు ఆలస్యం తగదంటే పరీక్షే చేయించుకొని ఆ ఉపవాసాన్ని తరువాత ఖజాగా పాటించాలి.

చాలామందిని వెనక్కు లాగే మరో భయం - పొట్ట మీద సంచి. ఆపరేషన్ అయిన అందరికీ అది అవసరం కాదు. అమర్చినవారిలోనూ చాలామందికి కొన్ని నెలల తరువాత తీసివేస్తారు. శాశ్వతంగా ఉన్నా నమాజు ఆగిపోదు. విసర్జనను అదుపు చేసుకోలేనివారు 'మాజూర్' కోవలోకి వస్తారు. ప్రతి నమాజు వేళకు కొత్తగా వుజూ చేసుకొని నమాజు చేయవచ్చునని హనఫీ ధర్మశాస్త్రం చెబుతున్నది. వివరాలకు ఆలిమ్‌లను సంప్రదించండి.

విశాఖలో వైద్యానికి దారులున్నాయి. కింగ్ జార్జ్ ఆసుపత్రి ఉంది. అగనంపూడిలో టాటా మెమోరియల్ సెంటర్ నిర్వహించే హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. ఉక్కు, పోర్టు ఉద్యోగులు ముందుగా తమ సంస్థల ఆసుపత్రులలో చూపించుకోవచ్చు. అర్హులైన కుటుంబాలకు డాక్టర్ ఎన్టీఆర్ వైద్యసేవ కింద క్యాన్సర్ చికిత్స లభిస్తుంది. పథకంలో చేరిన ఆసుపత్రులలోని ఆరోగ్యమిత్రను అడిగితే ఏ కాగితాలు కావాలో చెబుతారు.

సోదర సోదరీమణులారా! ఈ వారం భోజనానికి అందరూ కలిసి కూర్చున్నప్పుడు ఒక్కమాట అడగండి: 'దాదాకు, నానీకి, మామూకు ఏ జబ్బు వచ్చింది? ఏ వయసులో?' ఆ సమాధానాలను ఒక కాగితం మీద రాసిపెట్టండి. అబ్బా ఈ మధ్య నీరసంగా ఉన్నారా, అమ్మీ తిండి తగ్గించిందా అని గమనించండి. పెద్దలు చెప్పుకోలేని మాటను పిల్లలు మర్యాదగా అడిగి తెలుసుకోవడం, వారిని వైద్యుని దగ్గరకు తీసుకువెళ్ళడం కూడా తల్లిదండ్రుల సేవే.