వంపుల్లోంచి అక్షరాల్లోకి

పాలకుర్తిలో శివరాత్రి జాతర దగ్గరపడితే డీటీపీ షాపుల్లో ఊపిరి సలపదు. సోమేశ్వర లక్ష్మీనృసింహస్వామి గుడికి వచ్చేవాళ్ల కోసం ఫ్లెక్సీలు, కరపత్రాలు అన్నీ కోరల్‌డ్రాలోనే తయారవుతుంటాయి. ఓసారి నేనూ పాత కరపత్రం ఫైలు పెన్‌డ్రైవ్‌లో పట్టుకుని వెళ్లాను. వర్డ్‌లో చేసిస్తే నాలుగు మాటలు మార్చుకుంటానన్నాను. ఆపరేటర్ ఫైలు తెరిచి 'శివ'లోని 'శి' మీద నొక్కాడు. అక్షరం అంచు వెంట సన్నటి గీత, గీత మీద చిన్నచిన్న చుక్కలు తేలాయి.

"ఇది కర్వ్స్ కొట్టిన ఫైలు అన్నా. ఇండ్ల అక్షరాల్లేవు" అన్నాడు.

అతని మాట అక్షరాలా నిజం. తెరమీద ఉన్నది 'శి' ఆకారమే కానీ 'శి' కాదు. ఆ ఆకారాన్ని గీసిన వంపుల (కర్వ్స్) పుట్టిల్లు కార్ల ఫ్యాక్టరీ. ఫ్రాన్సులో సిట్రోయెన్‌లో పాల్ ద కాస్తెల్జో 1959లో, ఆ తర్వాత రెనోలో పియెర్ బెజియే, కారు ఒంటి నునుపును లెక్కల్లో పట్టుకునే దారి వెతికారు. నాలుగు బిందువులు చాలు: మొదలు, చివర, మధ్యలో గీతను తమవైపు లాగే రెండు. 1984లో అడోబీ పోస్ట్‌స్క్రిప్ట్ ఈ వంపును అచ్చులోకి తెచ్చింది. కెనడా కంపెనీ కోరల్ 1989లో కోరల్‌డ్రాను విడుదల చేసింది. బొమ్మ లెక్కగా ఉంటుంది కాబట్టి అరచేతంత కాగితానికైనా, ఇంటి గోడంత ఫ్లెక్సీకైనా అంచు చెదరదు.

వర్డ్‌కు కావలసింది వేరు. దానికి ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఉండాలి. 1991లో వచ్చిన యూనికోడ్ తెలుగుకు 128 గళ్లు కేటాయించింది. అందులో 'శ' 3126, గుడి 3135. అవి పక్కపక్కన పడితే 'శి'. డీటీపీ షాపులకు అలవాటైన అను ఫాంట్ల పద్ధతి ఇది కాదు. ఇంగ్లిషు అక్షరాల గళ్లలోనే తెలుగు ముక్కలను కూర్చుతాయవి. ఆ ఫాంటు లేని మిషన్‌లో తెరిస్తే ఇంగ్లిషు అక్షరాలూ బ్రాకెట్లూ కలగాపులగంగా కనిపిస్తాయి. ప్రెస్సులో అలా కాకూడదనే ఆపరేటర్లు పంపేముందు కంట్రోల్ క్యూ నొక్కి వంపులుగా మార్చేస్తారు.

మార్చకముందైతే దారి ఉంది. మాటర్ కాపీ చేసి కన్వర్టర్‌లో వేస్తే యూనికోడ్ వస్తుంది. అదీ ఉత్త గళ్ల మార్పిడి కాదు. అను 'క్రి'ని కంటికి కనిపించే ముక్కలుగా దాచుకుంటుంది. యూనికోడ్‌కు మాత్రం పలికే వరుస కావాలి: క, పొల్లు, ర, చివర గుడి. అంటే 3093, 3149, 3120, 3135. కన్వర్టర్ ప్రతి వత్తునూ విప్పి మళ్లీ కట్టాలి.

నా ఫైలుకు ఆ దారి మూసుకుపోయింది. ఇక మిగిలింది చదవడమే. అంత నునుపైన వంపులనూ అంగుళానికి 300 చుక్కల బొమ్మగా విరగ్గొట్టి, అక్షరాలను గుర్తుపట్టే ఓసీఆర్‌కు ఇవ్వాలి. హెచ్‌పీ ప్రయోగశాలలో 1985లో మొదలై, 2005లో అందరికీ తెరుచుకున్న టెసరాక్ట్‌కు ఇప్పుడు తెలుగూ వచ్చు. వచ్చినా 'మ', 'వు' దగ్గర తడబడుతుంది. పొట్టలో చుక్క ఒక్కటే తేడా అయిన 'థ', 'ధ' దగ్గర మరీను.

ఇలా చదివి మళ్లీ రాసుకోవడం ఈ నేలకు కొత్త కాదు. ఈ ఊరి పాల్కురికి సోమనాథుడి బసవపురాణం, పక్కనే ఉన్న బమ్మెర ఊరి పోతన భాగవతం మన దాకా వచ్చింది ఇలాగే కదా! తాటాకు పాడయ్యేలోపు ఎవరో చదివి, మరో ఆకు మీద గంటంతో మళ్లీ గీశారు. ఆ లేఖకుల మీద నాకున్న గౌరవం ఆ రోజు షాపులో ఇంకాస్త పెరిగింది. ఇప్పుడు ఆ పోతన పేరుతోనే తిరుమల కృష్ణ దేశికాచారి తీర్చిన యూనికోడ్ ఫాంటు, పోతన2000 ఉంది. ఓసీఆర్ చదివిచ్చిన మాటర్‌కు ఆపరేటర్ వర్డ్‌లో దాన్నే పెట్టాడు.

పాత కరపత్రం కాగితం పక్కన పెట్టుకుని ఇద్దరం సరిచూశాం. 'ధూపదీప నైవేద్యాలు' అన్నచోట 'థూపదీప' పడింది. ఆ చుక్కను నేను పట్టుకున్నాను, అతను దిద్దాడు. కోరల్‌లో కొత్త కరపత్రం కట్టాక సేవ్ చేయబోయి ఆగి, ముందు 'జాతర మాటర్' అని ఒక ఫైలు దాచాడు. ఆ తర్వాతే కంట్రోల్ క్యూ నొక్కాడు.