నాలుగో క్రోమోజోమ్ తేల్చిన తగవు

ఎంత తిన్నా ఆకలి తీరని చిట్టెలుక జాతి ఒకటి 1966లో శాస్త్ర పత్రికలకెక్కింది. అమెరికాలో మెయిన్ రాష్ట్రం, బార్ హార్బర్‌లోని జాక్సన్ లేబరేటరీ దాని పుట్టిల్లు. ఒళ్లు విపరీతంగా పెరిగి, షుగర్ ముదిరి చచ్చిపోయేది. డీబీ అని పేరు పెట్టారు. అంతకుముందే అక్కడ దొరికిన ఓబీ జాతి కూడా చూడ్డానికి ఇలాగే బండగా ఉండేది.

శాస్త్రవేత్త డగ్లస్ కోల్‌మన్ ఈ ఎలుకలను రెండేసి చొప్పున పక్కపక్కన కుట్టి, ఒకదాని రక్తం మరొకదానిలోకి వెళ్లేలా చేశారు. డీబీతో కలిపి కుట్టిన మామూలు ఎలుక, ఎదురుగా మేత ఉన్నా ముట్టక మాడి చచ్చిపోయింది. ఓబీని కలిపినా అంతే. డీబీ మాత్రం తింటూనే ఉంది. ‘ఇక చాలు’ అని చెప్పే హార్మోన్ డీబీ రక్తంలో పుష్కలంగా ఉందని, దాన్ని అందుకునే రిసెప్టరే పాడైందని కోల్‌మన్ తీర్మానించారు. ఓబీలో ఆ హార్మోనే లేదన్నారు. నోరు కట్టుకోలేకే లావెక్కుతారని నమ్మే రోజులవి. చాలామంది ఒప్పుకోలేదు. హార్మోన్ ఎవరి కంటా పడలేదు మరి.

అయినా ఎలుకలను జతకట్టించడం, ఈతఈతకూ పిల్లలను లెక్కపెట్టి రాసుకోవడం ఆగలేదు. చిట్టెలుకకు 20 జతల క్రోమోజోములు. ఒకే క్రోమోజోమ్ మీద రెండు జీన్లు ఎంత దగ్గరగా ఉంటే పిల్లలకు అంతగా కలిసి వస్తాయి. నూటికి ఒక్కసారి విడిపోతే వాటి మధ్య దూరం ఒక సెంటీమోర్గాన్. డీబీకి ఆనుకునే, బొచ్చును బూడిద రంగుకు తిప్పే మిస్టీ జీన్ ఉంది. జంటలో ఒక క్రోమోజోమ్ మీద డీబీ, రెండోదాని మీద మిస్టీ ఉన్న ఎలుకలను కలిపితే పుట్టే పిల్లల్లో బూడిద రంగువాటికి డీబీ ఉండదు. నల్లగా, సన్నగా ఉన్నవి ఒక్క కాపీ మోస్తాయి. నల్లగా ఉండి బలిసేవి రోగంతో పుట్టినవి. పంజరంలోకి తొంగిచూస్తే జీన్ తెలిసిపోతుంది! ఇదంతా జరిగేది నాలుగో క్రోమోజోమ్ మీద.

1994లో రాక్‌ఫెలర్ యూనివర్సిటీలో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం ఓబీ జీన్‌ను పట్టుకుంది. అది తయారుచేసే హార్మోనే లెప్టిన్. మరుసటి ఏడాది లూయిస్ టార్టాగ్లియా బృందం చిట్టెలుక మెదడు నుంచి లెప్టిన్ రిసెప్టర్ జీన్‌ను బయటికి తీసింది. అదెక్కడుందా అని చూస్తే నాలుగో క్రోమోజోమ్ మీదే, డీబీ ఉన్న 5.1 సెంటీమోర్గాన్ల మేరలోనే తేలింది.

చిక్కేమిటంటే, మొదట దొరికింది రిసెప్టర్‌లో పొట్టి రకం. డీబీ ఎలుకల్లో అది నిక్షేపంగా ఉంది. అంతటితో ఆశ వదులుకోవాల్సింది. కానీ స్థానం అంత చక్కగా కుదిరాక తప్పు అక్కడే ఎక్కడో ఉండాలి. ఈ కథలో నన్ను కట్టిపడేసేది ఈ ఘట్టమే. తరాల తరబడి ఈతల లెక్కలు రాసినవాళ్ల ఓపికే ఇక్కడ దారి చూపింది. 1996లో పొడుగు రకం దొరికింది. జీన్‌లో జి ఉండాల్సిన చోట టి పడింది. ఆ ఒక్క అక్షరం వల్ల 106 అక్షరాలు అదనంగా చొరబడి, రిసెప్టర్ తోక తెగిపోతోంది. లెప్టిన్ వచ్చి తగులుకున్నా కణంలోకి కబురు వెళ్లదు. కోల్‌మన్ మాటే నిజమైంది. 2010లో ఆయనకూ ఫ్రీడ్‌మన్‌కూ లాస్కర్ అవార్డు వచ్చింది.

మన హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థలోనూ ఊబకాయపు జాతి ఒకటుంది, అయితే అది చిట్టెలుక కాదు, పెద్ద ఎలుక (ర్యాట్). దాని లోపం పెద్ద ఎలుక ఐదో క్రోమోజోమ్ మీద, లెప్టిన్ రిసెప్టర్ జీన్‌కు ఎగువన ఉందని 2013లో ప్రకటించారు.

మనుషుల్లో లెప్టిన్ రిసెప్టర్ జీన్ ఒకటో క్రోమోజోమ్ మీద ఉంటుంది. అది చెడిన పిల్లలు అరుదు. కానీ పసితనం నుంచే వాళ్ల ఆకలికి అంతుండదు. రిసెప్టరే లేనప్పుడు లెప్టిన్ ఇంజెక్షన్ ఎంత ఇచ్చినా దండగే. అందుకే రిసెప్టర్‌ను దాటి, కబురు ఆ తర్వాత చేరాల్సిన చోటే పనిచేసే సెట్‌మెలనోటైడ్ అనే మందును వాళ్ల కోసం 2020లో అమెరికా అనుమతించింది.